పద్దెనిమిది గుంటలు

కొండ్రాయిపేట మునిసిపల్ ఇంజనీరు బోనగిరి సారంగపాణికి జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. రిటైరయ్యేలోగా ఒక్క రోడ్డు వేయాలి. ఇంజనీరన్నాక రోడ్లు వేయడమే కదా పని అని మీరనవచ్చు. మునిసిపాలిటీ సంగతి తెలియనివాళ్లు అలాగే అంటారు. సారంగపాణి తన సర్వీసులో స్వాగత తోరణాలు కట్టించాడు, డివైడర్లకు ప్రభుత్వం మారినప్పుడల్లా రంగులు మార్పించాడు, నీళ్లు రాని ఫౌంటెన్‌కు రెండుసార్లు ప్రారంభోత్సవం చేయించాడు. రోడ్డు మాత్రం వేయలేదు.

అతను వేయాలనుకున్న రోడ్డు బస్టాండు దగ్గర మొదలై, వడ్ల మార్కెట్ ఉన్న గంజ్ మీదుగా, పెద్దాసుపత్రి గేటు దాకా పోతుంది. పేరుకే రోడ్డు. ఆ దారిన ఆటోలో వెళ్లిన రోగి ఆసుపత్రి చేరేసరికి అసలు జబ్బు మరిచిపోయి నడుం నొప్పికి మందు అడుగుతాడు. సారంగపాణి భార్య అనసూయ గంజ్ బళ్లో లెక్కల టీచరు. కిందటి వానాకాలం స్కూటీ మీద బడికి పోతూ, మిర్చి బజ్జీల పోషవ్వ బండి ముందున్న గుంటలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టిన డాక్టరు "ఎక్కడ పడ్డారు మేడం?" అని అడిగితే, "మా ఆయన ఆఫీసుల" అంది. ఆ మాట సారంగపాణి గుండెల్లో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. మర్నాడే రోడ్డు ఫైలుకు కొత్త అట్ట వేసి రాజధానికి పంపాడు. ఫైలు వెంటనే పరిశీలనలోకి వెళ్లిపోయింది, పరిశీలనలోంచి బయటికి రాలేదు.

ఫైలు అక్కడ ఉండగానే, చలికాలంలో, రాజధానికి గోల్ఫ్ పట్టుకుంది.

పైవాళ్లలో ఎవరో విదేశం వెళ్లి, అక్కడ సముద్రపు ఒడ్డున ఊరందరికీ చెందిన పచ్చిక మీద టైలరూ, పోస్ట్‌మేనూ, పాలమ్మేవాడూ గోల్ఫ్ ఆడటం చూసి కదిలిపోయారట. మన టైలర్లు ఏం పాపం చేశారని విమానంలోనే కన్నీళ్లు పెట్టుకున్నారట. విమానం దిగేసరికి 'జనగోల్ఫ్' పథకం తయారైంది. వారం తిరక్కుండా మునిసిపాలిటీలన్నిటికీ ఉత్తర్వు వచ్చింది.

"గోల్ఫ్ క్రీడ సంపన్నుల గుప్పిటి నుండి విముక్తమై సామాన్యుని ముంగిట నిలువవలెనను సదుద్దేశముతో, ప్రపంచ ప్రసిద్ధ పబ్లిక్ గోల్ఫ్ కోర్సుల అధ్యయన యాత్రకు పురపాలక అధికారులను పంపుటకు నిర్ణయించడమైనది. సదరు అధికారులు ఆయా కోర్సులందు స్వయముగా ఆడి, అనుభవము గడించి రావలెను. ఇప్పటికే పద్దెనిమిది గుంటల పబ్లిక్ కోర్సు కలిగియున్న పురపాలక సంఘములు మాత్రమే ఇందుకు అర్హములు."

అంటే, ఈత నేర్పడానికి తీసుకెళ్తాం గానీ ఈత వచ్చినవాళ్లే రావాలి. ఇందులో విచిత్రం ఏమీ లేదు, ప్రభుత్వ శిక్షణలన్నీ అంతే. అసలు చిక్కు 'గుంట' దగ్గర వచ్చింది. ఫైళ్లన్నీ తెలుగులోనే నడవాలన్న ఉత్సాహం అంతకు ముందు నెలే వచ్చి ఉండటంతో, బంతి పడే 'హోల్' అనే మాటను అనువాద విభాగం వాళ్లు 'గుంట' చేసేశారు. తెలంగాణలో గుంట అంటే గొయ్యి. గుంట అంటే భూమి కొలత కూడా, నలభై గుంటలైతే ఒక ఎకరం.

సారంగపాణి ఉత్తర్వు చదివి, ఫోన్‌లో స్కాట్లాండ్ కోర్సుల బొమ్మలు చూశాడు. పచ్చిక, దాని వెనక సముద్రం, సముద్రం వెనక ఆకాశం. ఎక్కడా ఒక్క ఫ్లెక్సీ లేదు. అతను అంతవరకు విమానం ఎక్కలేదు. యాభై ఏడేళ్ల వయసులో రెండో కోరిక పుట్టింది.

కమిషనర్ ప్రభంజన్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయనకు విమానాలు కొత్త కాదు, కాని ప్రభుత్వ ఖర్చు మీద ఎక్కితే వచ్చే కిక్కే వేరని ఆయన నమ్మకం. సమావేశానికి తహసీల్దారు కూడా వచ్చాడు, గుంటలనేసరికి తన శాఖ అనుకుని.

"పద్దెనిమిది గుంటలంటే అరెకరం గూడ గాదు సార్," అన్నాడు తహసీల్దారు, నక్షా పరిచి. "కబేళా ఎనుక పదహారు గుంటల సర్కారు జాగ ఉన్నది. తక్కువ పడ్డ రెండు గుంటలు స్మశానంలకెల్లి తీసుకుందాం. అక్కడోళ్లు ఎవరూ కోర్టుకు పోరు."

"అది కాదు సార్," అన్నాడు సారంగపాణి. "ఇక్కడ గుంటంటే భూమి కాదు. బంతి పడే గుంట. గొయ్యి."

"అంటే భూమి అవసరం లేదా?" అన్నారు కమిషనర్.

"గొయ్యి ఉండాలంటే భూమి ఉండాలి కద సార్."

కమిషనర్ గారు లేచి కిటికీ దగ్గరకు వెళ్లారు. కిటికీలోంచి గంజ్ రోడ్డు కనిపిస్తుంది. వడ్ల బస్తాల లారీ ఒకటి గుంటలోకి దిగి, కాసేపు ఆలోచించి, మూలుగుతూ పైకెక్కింది. కమిషనర్ ముఖం వెలిగిపోయింది.

"సారంగపాణి గారూ," అన్నారు మెల్లగా, "మన పురపాలక సంఘానికి కోర్సు లేదని ఎవరన్నారు?"

సారంగపాణికి సంగతి అర్థమైంది. వద్దు సార్, అది నేను వేయాల్సిన రోడ్డు అని అప్పుడే అనాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కాని కళ్ల ముందు ఆ పచ్చిక ఉంది, దాని వెనక సముద్రం ఉంది.

"చివరి గుంట ఆసుపత్రి గేటు ముందరే ఉన్నది సార్," అన్నాడు. "ఆటగాళ్లకు సౌకర్యంగా ఉంటది."

మర్నాడు గుంటలు లెక్కపెట్టడానికి బయల్దేరారు. లెక్క పద్దెనిమిది దగ్గర ఆగలేదు. గంజ్ దాటకముందే పద్దెనిమిది దాటేసి, ఆసుపత్రి చేరేసరికి నలభై పైచిలుకు తేలింది. ఉత్తర్వులో పద్దెనిమిదే ఉన్నాయి కాబట్టి మిగతావి అనధికారిక గుంటలని కమిషనర్ నిర్ధారించారు. అనధికారిక గుంటలను వెంటనే పూడ్చమన్నారు. ఊళ్లో ఎన్నో ఏళ్ల తర్వాత తట్టలతో కంకర కనబడేసరికి జనం గుడికి వచ్చినట్టు వచ్చి చూశారు.

మిగిలిన పద్దెనిమిదికీ నంబర్లు వేసి, జెండాలు పాతారు. అక్కడితో ఊరు రెండుగా చీలిపోయింది. జెండా ఉన్న గుంట ముందు చాయ్ హోటళ్లకు గిరాకీ పెరిగింది, జనం సెల్ఫీలు దిగుతున్నారు. గుంట పూడ్చేసిన చోట దుకాణాల వాళ్లు మునిసిపాలిటీ ముందు ధర్నాకు కూర్చున్నారు.

"మా తాతల కాలం నాటి గుంట సార్ అది," అన్నాడు ఒక ఎరువుల దుకాణం సేటు, కళ్లు తుడుచుకుంటూ. "ఒక్క మాట చెప్పకుంట పూడుస్తరా?"

బజ్జీల పోషవ్వ మాత్రం అదృష్టవంతురాలు. ఆమె బండి ముందున్న గుంటకు మూడో నంబరు వచ్చింది. బండి మీద 'మూడో గుంట మిర్చి' అని బోర్డు రాయించుకుంది. అనసూయ రోజూ ఆ బోర్డు చూస్తూ, స్కూటీ దిగి, నెట్టుకుంటూ గుంట దాటుతుంది.

సారంగపాణి యాత్రకు వెళ్తున్నాడని ఊరంతా పాకింది. పక్కింటి భూదవ్వ మామిడికాయ తొక్కు డబ్బాతో వచ్చేసింది.

"సారు గల్ఫుకు పోతున్నడట గద?"

"గల్ఫ్ కాదు భూదవ్వా, గోల్ఫ్."

"ఆ, గదే. మా తమ్ముడు పదేండ్ల సంది గా గోల్ఫులనే ఉన్నడు, మస్కట్ల. ఈ తొక్కు వానికియ్యి. పానం మంచిగ చూసుకొమ్మను."

సారంగపాణి చెప్పీ చెప్పీ అలిసిపోయి డబ్బా పుచ్చుకున్నాడు. అనసూయ నవ్వు ఆపుకుంటూ ఉన్ని స్వెటర్ ఇస్త్రీ చేస్తోంది.

"స్కాట్లాండుల గుంటలు మంచిగుంటయా, మనయి మంచిగుంటయా, చూసొచ్చి చెప్పుండ్రి," అంది. "నేను మన గుంటల మీద మస్తు అధ్యయనం చేసిన గని, నన్నెవ్వరు పిలుస్తలేరు."

ఆ వారమే రాజధాని నుంచి ఒక కవరు వచ్చింది. రోడ్డు ఫైలు పరిశీలనలోంచి బయటపడింది. గంజ్ రోడ్డు పూర్తిగా తవ్వి, కంకర పరిచి, డాంబరు వేయడానికి మంజూరు. టెండరు కూడా పైనే ఖరారైంది. పని తక్షణం మొదలుపెట్టవచ్చు.

సారంగపాణి ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని రెండుసార్లు చదివాడు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన కాగితం వస్తే ఎగిరి గంతేస్తాననుకున్నాడు. తీరా వచ్చాక ఏడుపొచ్చింది. రోడ్డు వేస్తే గుంటలు పోతాయి, గుంటలు పోతే సముద్రం పోతుంది. చివరికి పెన్ను తీసి, "ప్రతిష్ఠాత్మక క్రీడా సంపద సంరక్షణ దృష్ట్యా ప్రస్తుతానికి వాయిదా" అని రాశాడు. తన చేత్తోనే రాశాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

తనిఖీకి రాజధాని నుంచి జనగోల్ఫ్ డైరెక్టరు గారు స్వయంగా వచ్చారు. తెల్ల టోపీ, తెల్ల బూట్లు, చేతిలో మెరిసే ఇనప కర్ర. కమిషనర్ గారు పక్కన నడుస్తూ వివరించారు.

"ఇటువైపు పారునది మురికినీటి మోరీ, మహాశయా. క్రీడా పరిభాషలో జల అవరోధము. అటు ఇల్లు కట్టుకొనువారు వేసిన ఇసుక కుప్పలు, ఇసుక అవరోధము. అదిగో, ఆ బర్రెలు..."

"బర్రెలు ఏ అవరోధము?" అన్నారు డైరెక్టరు గారు.

"సంచార అవరోధము. పాశ్చాత్య దేశములందు ఇంకను ఈ సదుపాయము లేదు."

డైరెక్టరు గారు తల పంకించి, బంతిని నేల మీద పెట్టి, కర్ర ఊపారు. బంతి ఎగిరి పోషవ్వ బజ్జీల మూకుడు అంచుకు తగిలి, వెనక్కి వచ్చి, దర్జాగా మూడో గుంటలో పడింది. చప్పట్లు మారుమోగాయి. పోషవ్వ బజ్జీలు దేవే జాలిగంట ఎత్తి ఏదో అనబోయి, చుట్టూ పోలీసుల్ని చూసి ఊరుకుంది.

"గమనించారా?" అన్నారు డైరెక్టరు గారు, కర్రతో గుంట చూపిస్తూ. "విదేశాలలో గుంట మూరెడు కూడా ఉండదు. ఎంత సాధన చేసినా బంతి పడదు. ఇక్కడ గుంటే నాలుగడుగులు. సామాన్యుడు ఎటు కొట్టినా పడుతుంది. ఇది గుంట కాదు, సామాజిక న్యాయం."

ఆ మాట మర్నాడు పేపర్లో వచ్చింది. మూడోనాడు ఉత్తర్వు వచ్చింది. కొండ్రాయిపేట కోర్సును ప్రపంచ స్థాయి పబ్లిక్ కోర్సుగా ప్రకటించారు. అంతటి కోర్సు స్వదేశంలోనే ఉండగా పరదేశాలకు పోవడం ఆత్మగౌరవానికి భంగం కాబట్టి, అధ్యయన యాత్రను కొండ్రాయిపేటకు మార్చారు. అర్హులైన అధికారులందరూ కొండ్రాయిపేట వెళ్లి, ఆడి, అనుభవం గడించాలి. అర్హుల జాబితాలో మొదటి పేరు బోనగిరి సారంగపాణిది. అతను కూడా కొండ్రాయిపేట నుంచి బయల్దేరి కొండ్రాయిపేట చేరుకోవాలి. ప్రయాణ భత్యం మాత్రం రాదు, ఎందుకంటే "ప్రధాన కార్యస్థానమునకు ఎనిమిది కిలోమీటర్ల లోపు ప్రయాణమునకు భత్యము చెల్లనేరదు."

సారంగపాణి ఉత్తర్వు చదివి స్వెటర్ వైపు చూశాడు. మార్చి నెల ఎండలు ముదిరాయి. చెమటలు కారుతున్నాయి.

యాత్ర రోజు రానే వచ్చింది. ఏసీ బస్సు నిండా పక్క పట్టణాల కమిషనర్లూ, ఇంజనీర్లూ. అందరికీ తెల్ల టోపీ, మెడలో బిళ్ల, ఒక రూల్స్ పుస్తకం. మునిసిపల్ ఆఫీసు ముందు బస్సెక్కిన సారంగపాణి, తన రోడ్డు మీదే, తన గుంటల్లోనే, ఒక్కొక్క గుంటకూ తల పైకప్పుకు కొట్టుకుంటూ యాత్ర సాగించాడు. పక్కనున్న ఒక కమిషనర్ అతని చెవిలో, "ఇంత సహజమైన గుంటలు ఎట్లా మెయింటెయిన్ చేస్తున్నరు సార్? మా ఊళ్లో వానొస్తే గని పడవు," అన్నాడు అసూయగా.

మూడో గుంట దగ్గర బస్సు ఆగింది. డైరెక్టరు గారు దిగి, గుంటలోనే నిలబడి నాలుగో గుంటకు గురిపెడుతూ బంతి మీదకు వంగారు. మునిసిపల్ సిబ్బంది రెండు వైపులా ఎర్ర జెండాలు పట్టుకుని నిలబడ్డారు. ఆట జరుగుతున్నంతసేపూ రాకపోకలు బంద్. బస్సు పక్కనే ఒక స్కూటీ వచ్చి ఆగింది. దాని వెనక ఒక ఆటో, ఆటోలో నెలలు నిండిన ఆడమనిషి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని పళ్లు బిగించి కూర్చుని ఉంది.

"సార్, ఆసుపత్రికి పోవాలె, జర వదులుండ్రి," అని ఆటో అతను మొత్తుకుంటున్నాడు.

"శబ్దం చేయవద్దు. సార్ గురి చూస్తున్నారు," అన్నాడు జెండా మనిషి.

స్కూటీ మీద ఉన్నది అనసూయ. తలెత్తి బస్సు కిటికీలోకి చూసింది. తెల్ల టోపీలో మొగుడు కనిపించాడు.

"ఏం సార్," అంది, "స్కాట్లాండ్ మంచిగున్నదా?"

సారంగపాణి టోపీని కళ్ల మీదికి లాక్కున్నాడు.

"రోడ్డు మంజూరైందట గద. కాంట్రాక్టరు బిడ్డ మా క్లాసే. మీరే ఆపిండ్రని చెప్పింది." ఆమె గొంతులో కోపం కూడా లేదు. విరిగి అతికిన చేతిని చూసుకుని, స్కూటీ దిగి, నెట్టుకుంటూ ఆటో కోసం పక్కకు జరిగింది.

సిగ్గుతో సారంగపాణి ఒళ్లంతా కాలిపోయింది. ఆమె తిట్టినా బాగుండేది. ఎటు చూడాలో తెలియక ఒళ్లో ఉన్న రూల్స్ పుస్తకం తెరిచాడు. గుంట కొలత అని రాసిన చోట కళ్లు ఆగిపోయాయి. మళ్లీ చదివాడు. టోపీ తీసి సీట్లో పెట్టి, బస్సు దిగాడు.

"అయ్యా," అన్నాడు డైరెక్టరు గారి వెనక నిలబడి, "ఒక చిన్న సాంకేతిక విషయం."

"గురి తప్పుతుంది, ఉండండి."

"గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళాలు ఉండాలని ఇందులో ఉన్నది సార్. మన గుంట నాలుగడుగులు. నాలుగుంబావు అంగుళాలు మంజూరైన గుంట. మిగతా గుంట ఎవరు మంజూరు చేసిండ్రు సార్? రేపు ఆడిట్ అడిగితే ఏం చెప్పాలె?"

ఆడిట్ అనే మాట గాలిలో నిలబడిపోయింది. కమిషనర్ ప్రభంజన్ గారి ముఖం పాలిపోయింది. బస్సులోని కమిషనర్లు ఒకరొకరుగా రూల్స్ పుస్తకాలు మూసేసి, తాము చూడలేదన్నట్టు ఆకాశంలోకి చూశారు. డైరెక్టరు గారు ఎత్తిన ఇనప కర్ర దించారు.

"అంటే," అన్నారాయన, "మనం ఇంతసేపూ మంజూరు కాని గుంటలో ఆడుతున్నామా?"

"అవును సార్. అందులోనే నిలబడ్డరు కూడా."

డైరెక్టరు గారు ఒక్క గెంతులో బయటికి దూకారు. "అదనపు గుంటను తక్షణం ప్రభుత్వానికి సరెండర్ చేయండి! ఈ రోజే! కాగితం మీద పెట్టండి!"

"గుంటను సరెండర్ చేయాలంటే పూడ్చాలె సార్. అన్నీ ఒకే ప్రమాణంలో రావాలంటే రోడ్డంతా ఒకేసారి డాంబరు వేయాలె. టెండరు రెడీగా ఉన్నది."

"వేయండి! మొదట ఈ వాహనాలన్నీ తీయండి, ఎవరైనా ఫోటో తీస్తే..."

ఎర్ర జెండాలు దిగిపోయాయి. ఆటో అందరికంటే ముందు ఆసుపత్రి వైపు దూసుకుపోయింది. ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టిందని పోషవ్వ అందరికీ ఉచితంగా బజ్జీలు పంచింది, ఆటోలోని వాళ్లు తనకు ఏమీ కాకపోయినా.

పని మర్నాడే మొదలైంది. సారంగపాణి నెత్తికి తువ్వాలు చుట్టుకుని రోడ్డు మీదే ఉన్నాడు. డాంబరు వాసన అతనికి మల్లెపూల వాసనలా ఉంది. ఊరి జనం గట్ల మీద నిలబడి, డాంబరు పొగలో దగ్గుతూ కూడా కదల్లేదు. రూలు ప్రకారం ఒక్కో గుంట నడుమ నాలుగుంబావు అంగుళాల పైపు ముక్క పాతించాడు. రోలర్ డ్రైవర్ ఇంజన్ ఆపి అడిగాడు.

"సార్, ఈ చిన్న గుంటలు ఉంచాల్నా, తొక్కుకుంట పోవాల్నా?"

సారంగపాణి సమాధానం చెప్పకుండా ఆకాశంలోకి చూశాడు. మబ్బు లేదు, పక్షి లేదు, చూడటానికి అక్కడ ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాడు. తల దించేసరికి రోలర్ ఆసుపత్రి గేటు దగ్గరుంది.

మర్నాడు బడి వేళకు అనసూయ స్కూటీ తీసింది. మూడో గుంట ఉండే చోట అలవాటుగా బ్రేకు వేసి, ఎందుకు వేసిందో తెలియక నవ్వుకుని, ముందుకు పోనిచ్చింది. బడి దాటిపోయింది. ఆసుపత్రి గేటు దాకా వెళ్లి, తిరిగి బస్టాండు దాకా వచ్చి, మళ్లీ వెళ్లింది. సారంగపాణి పోషవ్వ బండి దగ్గర నిలబడి చూస్తున్నాడు. మూడోసారి అతని ముందు నుంచి పోతున్నప్పుడు ఆమె ఒకప్పుడు కట్టు కట్టిన చెయ్యి ఎత్తి ఊపింది. అతని కళ్లు నిండిపోయాయి. బజ్జీ కారం అని పోషవ్వతో చెప్పాడు.

తొక్కు డబ్బా భూదవ్వకు తిరిగి ఇచ్చేశాడు. "మస్కట్ దాకా పోలే భూదవ్వా, ఆసుపత్రి దాకా పోయొచ్చిన."

రెండు వారాలకు రాజధాని నుంచి తాఖీదు దిగింది. "మీ పురపాలక సంఘ పరిధిలోని ప్రపంచ స్థాయి గుంటలు పద్దెనిమిదియు కనిపించుట లేదని మా దృష్టికి వచ్చినది. సదరు ప్రభుత్వ ఆస్తి ప్రస్తుతము ఎచ్చట నున్నదో తెలుపవలెను. లేనిచో మీపై శాఖాపరమైన చర్య గైకొనబడును."

సారంగపాణి ఆ కాగితం ఇంటికి తెచ్చి అనసూయ ముందు పెట్టాడు. ఆమె చదివి, నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఇద్దరూ కలిసి సమాధానం రాశారు.

"సదరు పద్దెనిమిది గుంటలును ప్రపంచ ప్రసిద్ధ పబ్లిక్ కోర్సుల అధ్యయన యాత్రకు వెళ్లియున్నవని సవినయముగా మనవి. వానాకాలము ప్రారంభమున తిరిగివచ్చి విధులలో చేరగలవు."

నాలుగు రోజులు సారంగపాణికి నిద్ర పట్టలేదు. ఐదో రోజు జవాబొచ్చింది. చర్య ఊసే లేదు.

"మీ సమాధానము సంతృప్తికరముగా నున్నది. అయితే సదరు గుంటలు ప్రధాన కార్యస్థానమునకు ఎనిమిది కిలోమీటర్లు దాటి వెళ్లినట్లు ఆధారములు లేనందున, వాటికి ప్రయాణ భత్యము చెల్లనేరదు."

పోషవ్వ బండి దగ్గర బజ్జీలు తింటూ ఆ జవాబు చదివి, సారంగపాణి రోడ్డు వైపు చూశాడు. నల్లగా, నున్నగా, ఎండలో మెరుస్తోంది. దాని కింద పద్దెనిమిది గుంటలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. పడమటి వైపు మొదటి మబ్బు పట్టింది. అతను పోషవ్వను ఇంకో ప్లేటు బజ్జీలు అడిగి, అనసూయ బడి నుంచి వచ్చే వేళైందేమోనని చూస్తూ నిలబడ్డాడు.